సముద్రం పక్కన సుఖంగా కూర్చోవాలంటే: యాట్‌లకూ ఇళ్లకూ కుషన్ పని గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మా పని రెండు చోట్ల ఉంటుంది. బోట్లు, యాట్‌ల (విలాస పడవల) క్యాబిన్లు ఒకటి. విశాఖలో లాసన్స్‌బే, ఎంవీపీ, రుషికొండ, భీమిలి రోడ్డులో సముద్రం కనిపించే ఇళ్లు రెండోది. రోజూ ఫోన్‌లో అడిగే ప్రశ్నలకు ఇక్కడ తీరిగ్గా జవాబులు రాస్తున్నాను. కొన్నింటికి చాలా చెప్పాలి, కొన్నింటికి రెండు ముక్కలు చాలు.

మాది మామూలు ఫ్లాట్. పడవ కుషన్ల సంగతి మాకెందుకు?

బీచ్ రోడ్డు వైపు బాల్కనీ ఉంటే, గ్రిల్‌ని వేలితో ఒకసారి తుడిచి నాలుకకు తాకించి చూడండి. ఉప్పగా ఉంటుంది. ఆ ఉప్పే మీ సోఫా మీదా చేరుతోంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ గాలిలోంచే నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది అందుకే. విశాఖలో తేమ ఆ గీత దాటే రోజులు చాలా ఉంటాయి. అంటే ఉప్పు పట్టిన గుడ్డని ఎంత ఎండబెట్టినా సాయంత్రానికి మళ్లీ చెమ్మ పడుతుంది. ఆ చెమ్మలో బూజు, బూజు వెనకే ముక్క వాసన.

పడవల మీద పనిచేసేవాళ్లకు ఇది ఎప్పట్నుంచో తెలుసు. అందుకే మంచి పడవ కుషన్‌లో నీళ్లు రాకుండా ఆపడం మీద కన్నా, వచ్చిన నీళ్లు బయటికి పోయే దారి మీద ఎక్కువ శ్రద్ధ కనిపిస్తుంది. అడుగున గాలి ఆడే జాలీ గుడ్డ, లోపల నీళ్లు నిలవని ఫోమ్, తుప్పు పట్టని పిన్నులు. సముద్రానికి దగ్గర్లో ఉన్న ఇంటికి కూడా ఇవే కావాలి. కింద మీరు చదివే జవాబులన్నీ చివరికి ఈ ఊపిరాడే విషయం దగ్గరికే వస్తాయి.

రెండేళ్లు కాకుండానే సోఫా మధ్యలో గుంత పడింది. ఎందుకు?

సీతమ్మధారలో ఒక ఇంట్లో అలాంటి సోఫానే బోర్లా తిప్పి విప్పాం. అడుగున కొట్టిన నల్ల గుడ్డ తీయగానే, జల్లెడలోంచి శనగపిండి రాలినట్టు పసుపుపచ్చ పొడి రాలింది. అది ఫోమే. ఆ పొడిలో రెండు రూపాయి బిళ్లలు, ఒక చెవి దిద్దు, విరిగిన పెన్సిలు ముక్క. సీటుని కింద నుంచి మోసే ఐదు బెల్టుల్లో రెండు ఊడి వేలాడుతున్నాయి. వాటిని పట్టి ఉంచాల్సిన పిన్నులు వేళ్ల మధ్య నలిపితే ఎర్రటి పొడి అయిపోయాయి. గుంతకు ఫోమ్ ఒక్కటే కారణం అనుకుంటారు గానీ, కింద బెల్టు వదులైతే ఎంత మంచి ఫోమైనా ఒక ఏడాదిలో కుంగిపోతుంది.

ఫోమ్ కొనేటప్పుడు దుకాణంలో ‘40 డెన్సిటీ’ అంటారు. ఒక ఘనపు మీటరు ఫోమ్ 40 కిలోలు తూగాలని దాని అర్థం. మాట నమ్మాల్సిన పని లేదు, కాటా ఉంది. రెండడుగుల చదరం, 4 అంగుళాల మందం ముక్కని తూకం వేయించండి. 40 డెన్సిటీ అయితే కిలోన్నర ఉంటుంది. 32 అయితే కిలో 200 గ్రాములు. కిలో దగ్గరే ఆగిపోయిందంటే అది 26 చుట్టుపక్కల సరుకు, రోజూ కూర్చునే సీటుకు పనికిరాదు, వీపు దిండుకు వాడుకోవచ్చు. బరువు పెంచడానికి సున్నపురాయి పొడి కలిపిన ఫోమ్‌లు కూడా మార్కెట్లో ఉన్నాయి. అందుకే తూకంతో పాటు పిడికిలితో గట్టిగా నొక్కి వదిలి చూడండి. మంచి ఫోమ్ చటుక్కున లేస్తుంది. ముక్కలు అతికించి చేసే రీబాండెడ్ ఫోమ్ లెక్క వేరు. అది చాలా బరువుగా, గట్టిగా ఉంటుంది, అడుగు పొరకే బాగుంటుంది.

డెన్సిటీ ఎక్కువైతే గట్టిగా ఉంటుందని అందరూ అనుకుంటారు. అది నిజం కాదు. డెన్సిటీ ఎంతకాలం మన్నుతుందో చెబుతుంది. మెత్తదనం వేరే కొలత. 40 డెన్సిటీలో మెత్తనిదీ దొరుకుతుంది, గట్టిదీ దొరుకుతుంది.

మాకు బాగా మెత్తగా కావాలి. చేస్తారా?

చేస్తాం, కానీ ముందు మిమ్మల్ని కూర్చోబెట్టి కొలుస్తాం. ఎందుకో చెప్తాను.

ఎంవీపీ కాలనీలో ఒక అమ్మమ్మగారికి కుర్చీ చేయించాలని మనవరాలు పిలిచింది. ఇంట్లో ఖరీదైన సోఫా ఉంది, మునిగిపోయేంత మెత్తగా ఉంది. ఆవిడ మాత్రం డైనింగ్ టేబుల్ దగ్గర చెక్క కుర్చీలోనే కూర్చుంటున్నారు. ఎందుకమ్మా అంటే, “కూర్చోడానికేం నాయనా, లేవడానికే ఇద్దరు మనుషులు కావాల్సొస్తోంది” అన్నారు. టేపు పెట్టి చూస్తే నేల నుంచి మోకాలి వెనక మడత దాకా 16 అంగుళాలు. సోఫా సీటు చూడ్డానికి 17 ఉన్నా, ఆవిడ కూర్చోగానే 12కి దిగిపోతోంది. లోతు 24 అంగుళాలు. వీపు ఆనించాలంటే కాళ్లు గాల్లో ఉంటాయి, కాళ్లు నేల మీద పెడితే వీపుకి ఆనుడు లేదు.

ఒక బల్ల మీద ఫోమ్ ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆవిడని కూర్చోబెట్టి, ఒక్కో పొర తీస్తూ వేస్తూ చూశాం. నాలుగోసారికి ఆవిడే చేతులు ఆనించి లేచి నిలబడ్డారు. అప్పుడు కొలిస్తే, కూర్చున్నాక సీటు ఎత్తు 17 అంగుళాలు, లోతు 18, చేతుల ఎత్తు సీటు నుంచి 9. అవే కొలతలతో కుర్చీ చేశాం. కింద గట్టి ఫోమ్ 3 అంగుళాలు, పైన మెత్తనిది అంగుళంన్నర. నూలు చీర జారకుండా నేత గుడ్డ వేశాం, రెగ్జిన్ వేయలేదు. సొంత కొలతతో చేయించుకోవడం అంటే నా దృష్టిలో ఇదే. బంగారు రంగు బటన్లు, డైమండ్ కుట్లు ఆ తర్వాతి మాట.

మామూలుగా అయితే కూర్చున్నాక సీటు ఎత్తు 16 నుంచి 18 అంగుళాలు, లోతు 20 నుంచి 22, వీపు కొంచెం వెనక్కి వాలి 100 నుంచి 110 డిగ్రీలు ఉంటే ఎక్కువమందికి బాగుంటుంది. ఇంట్లో అందరూ పొడుగువాళ్లైతే మార్చుకోవాలి.

యాట్‌లో సీట్లు ఇంటి సోఫా కన్నా గట్టిగా ఉంటాయెందుకు?

పడవ ఊగుతుంది కాబట్టి. మెత్తటి సీటులో ఒంటికి పట్టు ఉండదు. ప్రతి అలకీ నడుము దానంతటదే సర్దుకుంటూ ఉంటుంది, గంటన్నరకే అలసట వస్తుంది. గట్టి అడుగు, కాస్త లోతైన నడుము దన్ను, ముందు అంచు గుండ్రంగా ఉంటే శరీరం కుదురుగా ఉంటుంది. పైగా క్యాబిన్‌లో పగలు కూర్చునే సీటే రాత్రి పడక అవుతుంది. కూర్చున్నప్పుడు బరువంతా ఒకచోట పడుతుంది, పడుకుంటే పరుచుకుంటుంది. రెండింటికీ సరిపోవాలంటే 4 అంగుళాల్లోనే రెండు మూడు రకాల పొరలు కలపాలి. మా పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇది.

కుషన్ జారిపోకుండా అడుగున వెల్క్రో వేస్తాం. ప్రెస్ బటన్లు చూడ్డానికి బాగుంటాయి గానీ ఉప్పు గాలికి బిగుసుకుపోతాయి.

పడవకు ఏ ఫోమ్ వాడాలి?

లోపలా బయటా ఒకటే ఫోమ్ వాడకూడదు. క్యాబిన్ లోపల మంచి హెచ్ఆర్ ఫోమ్ (హై రెసిలియన్స్, అంటే నొక్కి వదిలితే చటుక్కున లేచేది) చాలు. డెక్ మీద, కాక్‌పిట్‌లో (పడవ నడిపేవాళ్లు కూర్చునే చోట) రెటిక్యులేటెడ్ ఫోమ్ కావాలి. దాన్ని వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తేనెపట్టులా కన్నాలు కనిపిస్తాయి. పైనుంచి చెంబుడు నీళ్లు పోస్తే అడుగు నుంచి బయటికి వచ్చేస్తాయి. అది వాడినప్పుడు అడుగు గుడ్డ తప్పనిసరిగా జాలీ ఉండాలి. పైన అంత ఖర్చుపెట్టి అడుగున రెగ్జిన్ కొడితే నీళ్లు సంచిలో పోసి మూతి కట్టినట్టే.

ఈ పాఠం నేను నష్టపోయి నేర్చుకున్నాను. మొదట్లో ఒక బోటు డెక్‌కి ఇంటి సోఫా ఫోమే వేసి, నీళ్లు దిగవని పైనా కిందా రెగ్జిన్‌తో మూసేశాను. నీళ్లు కుట్టు కన్నాల్లోంచి దిగాయి. వానాకాలం అయ్యాక ఒక కుషన్ ఎత్తబోతే ఇద్దరం పట్టాల్సి వచ్చింది. కోసి చూస్తే లోపల నల్లగా బూజు, పిన్నుల దగ్గర గోధుమరంగు కారిన మరకలు. ఆ పని మొత్తం మళ్లీ చేసిచ్చాను. ఆ తర్వాత ఏ బయటి కుషన్‌నీ మూసెయ్యలేదు.

సముద్రం పక్క ఇంటికి ఏ గుడ్డ మంచిది? లెదరెట్ వేసుకోవచ్చా?

ముందు లెదరెట్ సంగతి. తోలులా కనిపించే గుడ్డల్లో రెండు రకాలున్నాయి. ఒకటి పీవీసీ పూత, మనం రెగ్జిన్ అనేది. రెండోది పీయూ (పాలీయురెథేన్) పూత, చేతికి మెత్తగా అసలు తోలులా తగులుతుంది. దుకాణంలో చేయి ఎప్పుడూ పీయూ వైపే వెళ్తుంది. కానీ వేడీ తేమా కలిసిన చోట పీయూ పూత రసాయనికంగానే విడిపోతుంది. విశాఖలో ఆ రెండూ దండిగా ఉన్నాయి. మూడు నాలుగేళ్లలో తల ఆనించే చోట పొరలు లేచి, పెద్దవాళ్ల తెల్లచొక్కాలకి నల్ల పెచ్చులు అంటుకోవడం మీరు చూసే ఉంటారు. అది వాడకం తప్పు కాదు, సరుకు గుణం. తోలు పొడితో చేసే బాండెడ్ లెదర్‌కి కూడా ఇంచుమించు ఇదే గతి. లెదరెట్టే కావాలంటే పీవీసీ రకంలోనే బోట్లకు వాడే మెరైన్ వినైల్ తీసుకోండి. లేత రంగు తీసుకోండి, ముదురు రంగు ఎండలో కాలుతుంది.

బాల్కనీకి, డెక్‌కి సొల్యూషన్ డైడ్ అక్రిలిక్‌ని మించింది నేను చూడలేదు. మామూలు గుడ్డకి నేశాక రంగు వేస్తారు. దీనికి దారం తీయకముందే ముద్దలో రంగు కలుపుతారు. ఎర్ర ముల్లంగికి పైన ఒక రంగు, లోపల ఇంకో రంగు ఉంటుంది, క్యారెట్‌కి కోసిన ప్రతిచోటా అదే రంగు. ఈ గుడ్డ క్యారెట్ లాంటిది, ఎండకి త్వరగా వెలవదు. సన్‌బ్రెల్లా పేరు విన్నారు కదా, అది ఈ రకమే.

హాల్లోకి నూలు, నార, పాలియెస్టర్ కలిపిన నేత గుడ్డ తీసుకోండి. శాంపిల్ పుస్తకం వెనక మార్టిండేల్ అని ఒక అంకె ఉంటుంది. గుడ్డని మిషన్ మీద ఎన్నిసార్లు రుద్దితే అరిగిందో ఆ లెక్క. ఇంటికి 20,000 నుంచి 25,000 చాలు. పిల్లలు బీచ్ నుంచి ఇసుక కాళ్లతో సోఫా ఎక్కే ఇల్లైతే 30,000 పైన చూడండి, ఎందుకంటే కుట్టుల్లో చేరిన ఇసుక ఉప్పుకాగితంలా గుడ్డని లోపలినుంచి కోస్తుంది. పట్టు మాత్రం తూర్పు కిటికీ దగ్గర వద్దు. మన సముద్రం తూర్పున ఉంది, పొద్దుటి ఎండ అడ్డు లేకుండా హాల్లోకి వస్తుంది, పట్టు పోగు ఆ ఎండకి పెళుసై చిట్లుతుంది.

అసలు తోలు?

ఏసీ రోజూ నడిచే గదిలో, గోడకి నాలుగు అంగుళాలు ఎడంగా పెట్టగలిగితే వేయించుకోండి. మూసి ఉంచే గెస్ట్ రూములో వద్దు, వానాకాలం వచ్చేసరికి ఆకుపచ్చ బూజు కడుతుంది.

ఫ్రేముకి ఏ చెక్క?

పాత టేకు దొరికితే అదృష్టం. తాతగారి కాలం మంచం, తలుపు చెక్కలు పారేయకండి, మాకు చూపించండి. ప్లైవుడ్ వాడాల్సి వస్తే మెరైన్ గ్రేడ్, ఐఎస్ 710 అని ముద్ర చూసి తీసుకోండి. మామూలు ఎంఆర్ ప్లై (కాస్త చెమ్మని మాత్రమే తట్టుకునే రకం) ఒకసారి బాగా తడిస్తే పొరలు విడిపోతుంది.

చెక్క కన్నా ముఖ్యమైన మాట ఒకటుంది. 1948లో తొలి ఓడ జలఉష నీళ్లలోకి దిగిన సింధియా షిప్‌యార్డు (ఇప్పటి హిందుస్థాన్ షిప్‌యార్డు) ఈ ఊళ్లోనే ఉంది. అక్కడ పనిచేసి రిటైరైన ఒక వడ్రంగి మేస్త్రి దగ్గర నేను కొన్నాళ్లు పని చూశాను. ఏ పెట్టె సీటు చేసినా ఆయన అడుగు చెక్కకి, వెనక చెక్కకి వరుసగా రూపాయి బిళ్లంత కన్నాలు వేసేవాడు. కింద నుంచి గాలి ఎక్కి వెనక నుంచి పోవాలని. ఇళ్లల్లో దివాన్ కాట్లకి, కిటికీ కింద సీట్లకి ఇప్పుడు మేమూ అలాగే వేస్తున్నాం.

పిన్నులు, జిప్పులు, దారం అంత ముఖ్యమా?

సీతమ్మధార సోఫా సంగతి పైన చదివారు కదా. పిన్నులు 316 గ్రేడ్ స్టెయిన్‌లెస్ స్టీలువి కావాలి. అందులో కలిపే మాలిబ్డినం వల్ల ఉప్పుకి తట్టుకుంటుంది. జిప్పు పళ్లు ప్లాస్టిక్‌వి. దారం పాలియెస్టర్, నూలు దారం చెమ్మకి చివికిపోతుంది. మొత్తం బిల్లులో ఇవన్నీ కలిపినా చిన్న భాగమే.

బూరుగు దూది, కొబ్బరి పీచు వాడొచ్చా? ఫోమ్ మాకు ఇష్టం లేదు.

ఈ ప్రశ్న వస్తే నాకు సంతోషం. బూరుగు దూది పోగు లోపల బోలుగా ఉంటుంది, పైన సన్నటి మైనం పూత ఉంటుంది. నీళ్లు అంత సులువుగా పట్టవు, తేలుతుంది కూడా. ఒకప్పుడు ఓడల్లో లైఫ్ జాకెట్లు దీంతోనే నింపేవారు. మన అమ్మమ్మల పరుపుల్లో ఉన్న దూదే సముద్రం మీద మనుషుల్ని తేల్చిందన్నమాట. వీపు దిండ్లకి, చేతి దిండ్లకి చాలా బాగుంటుంది, ఒంటికి వేడి చేయదు. సీటుకి మాత్రం వద్దు, బరువుకి ఉండలు కట్టి అణిగిపోతుంది.

కొబ్బరి పీచుకి రబ్బరు పాలు పట్టించి చేసే షీట్లు అడుగు పొరకి బాగుంటాయి, గాలి ఆడుతుంది. ఇంకా ముందుకెళ్తే, నవారు మంచం గుర్తు తెచ్చుకోండి. పైన పలుచటి బొంత వేసినా వీపుకి ఉక్క పోయదు, కింద అంతా గాలే కాబట్టి. సోఫా అడుగున మేం అల్లే బెల్టు ఆ నవారే. ఒక కస్టమర్‌కి భీమిలి దగ్గర వరండాలో టేకు చట్రానికి నూలు నవారు అల్లి, పైన రెండంగుళాల కుషన్ వేసిచ్చాం. ఆయన ఏసీ హాలు వదిలి మధ్యాహ్నాలు అక్కడే పడుకుంటున్నారు.

నిప్పు భయం ఉందా?

ఉంది. మామూలు పీయూ ఫోమ్ అంటుకుంటే వేగంగా కాలుతుంది, పొగలో కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సయనైడ్ ఉంటాయి. మంట కన్నా ముందు ఆ పొగే ప్రాణం తీస్తుంది. సముద్రం మధ్యలో బయటికి పరిగెత్తే దారి కూడా లేదు. అందుకే అంతర్జాతీయ నౌకాయాన సంస్థ ఓడల కోసం 2010 ఎఫ్‌టీపీ కోడ్ (నిప్పు పరీక్షల నియమావళి) తెచ్చింది, అది 2012 జులై 1 నుంచి అమల్లో ఉంది. అందులో ఎనిమిదో భాగం కుషన్ ఫర్నిచర్ గురించే. గుడ్డనీ ఫోమ్‌నీ కలిపి, మండుతున్న సిగరెట్‌తోనూ మంటతోనూ పరీక్షిస్తారు. సొంతానికి వాడుకునే చిన్న బోటుకి నియమం వర్తించకపోయినా, పొయ్యి ఉన్న క్యాబిన్‌కి మంటని ఆపే ఫోమ్ వేయకుండా నేను పని ఒప్పుకోను. ఇళ్లలో దీపారాధన గూటికి, అగరుబత్తి స్టాండుకి సోఫా దూరంగా పెట్టండి. దీపావళి రాత్రి బాల్కనీ కుషన్లు లోపల పెట్టండి.

గుడ్డ ఎంత పడుతుంది? ఎన్ని రోజులు?

ముగ్గురు కూర్చునే సోఫాకి 54 అంగుళాల పన్నా గుడ్డ సుమారు 10 నుంచి 12 మీటర్లు. పెద్ద పూలు, చారలు ఉంటే కలపడానికి ఇంకో రెండు మీటర్లు. రోజులు డిజైన్‌ని బట్టి. దసరా, సంక్రాంతి ముందు మాత్రం నెల ముందే చెప్పండి.

పాతది మళ్లీ చేయించాలా, కొత్తది కొనాలా?

ఒక మూల పట్టుకుని ఎత్తండి. కిర్రుమనకుండా ఆ వైపు రెండో కాలు కూడా వెంటనే లేస్తే ఫ్రేము గట్టిగా ఉన్నట్టే, చేయించండి. ఎత్తిన మూల ఒక్కటే లేచి మిగతాది నేలనే ఉంటే, కాళ్ల దగ్గర సన్నటి పొడి కనిపిస్తే, చెక్కలో పురుగు ఉంది లేదా కీళ్లు వదిలేశాయి. అలాంటి దానికి కొత్త గుడ్డ వేయించి డబ్బు పోగొట్టుకోకండి.

తుఫానులో తడిస్తే?

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎన్నో ఇళ్లల్లో అద్దాలు పగిలి హాలంతా వర్షం నిండింది. కరెంటు లేదు, ఫ్యాన్ లేదు. సోఫాలు ఉన్నవి ఉన్నట్టే వదిలేసిన ఇళ్లల్లో వారానికే దుర్వాసన పట్టింది. అప్పట్నుంచి అందరికీ చెప్పేది ఇదే. మొదటిరోజే కవర్లు విప్పండి. ఉప్పు వర్షం కాబట్టి ముందు మంచినీళ్లతో ఫోమ్‌ని, కవర్లని తడిపి ఉప్పు దించండి. పిండకుండా అదిమి, ఫోమ్‌ని నిలువుగా నిలబెట్టి నీడలో ఆరబెట్టండి. అడుగు గుడ్డ కత్తిరించి తీసేయండి, తర్వాత కొత్తది కొట్టుకోవచ్చు. మురుగునీళ్లు ఎక్కితే ఫోమ్ పారేయాల్సిందే.

రోజువారీ శుభ్రం?

వారానికోసారి వాక్యూమ్, నెలకోసారి మంచినీళ్లలో తడిపి పిండిన గుడ్డతో తుడవడం, వెంటనే ఫ్యాన్ గాలి. మరకకి గోరువెచ్చని నీళ్లు, కొంచెం మెత్తటి సబ్బు. బ్లీచింగ్ నీళ్లు రెగ్జిన్ మీద వాడొద్దు, పూత, కుట్లు రెండూ దెబ్బతింటాయి.

మేం అమెరికాలో ఉంటాం. రుషికొండ ఫ్లాట్ ఏడాదిలో పది నెలలు తాళం వేసి ఉంటుంది. ఏం చేయాలి?

వానాకాలం బోటు కట్టేసి ఇంటికెళ్లేవాళ్లు చేసేదే మీరూ చేయండి. కుషన్లన్నీ తీసి, సీటు మీదే ఒకదానికొకటి తగలకుండా అంచు మీద నిలబెట్టండి. ప్లాస్టిక్ కవర్లు కప్పొద్దు, పాత నూలు దుప్పటి కప్పండి. సోఫాని గోడ నుంచి ఒక జానెడు ముందుకి జరపండి. అల్మరా తలుపులు, బాత్రూమ్ తలుపులు తీసి ఉంచండి. తాళం చెవి వాచ్‌మన్‌కో, కింద ఫ్లాట్ పిన్నిగారికో ఇచ్చి, నెలకి రెండుసార్లు ఎండ కాసిన రోజు మధ్యాహ్నం కిటికీలు తీసి గంటసేపు ఫ్యాన్లు వేయమనండి. వచ్చేటప్పుడు రెండ్రోజుల ముందు మాకు ఫోన్ చేస్తే, మేం వెళ్లి కుషన్లు దులిపి, తిరిగి సర్ది వస్తాం.